ఆకు పాఠంలో రెండో సగం

ఎమ్మిగనూరు నుంచి వచ్చే బస్సు కండక్టరు ఆదోనిలో మా బడి ముందు బస్సు ఆపించి, గేటు దగ్గర నిలబడే కబురు చెప్పి పోయాడు. "మన సైన్సు సారు మొన్న తెల్లారుజామున పోయినారంటమ్మా. నిన్ననే అన్నీ అయిపోయినాయంట." అతను కూడా సార్ దగ్గర చదువుకున్నవాడే, నాకంటే రెండేళ్లు వెనక. చెప్పి కళ్లు తుడుచుకుని విజిల్ వేశాడు. బస్సు నిండా జనం ఉన్నారు మరి.

అంటే నేను ఆయన ముఖం కూడా చూడలేదు. పద్దెనిమిది మైళ్ల దూరంలో ఉండి చూడలేదు. ఆ రోజు మిగిలిన పీరియడ్లు ఎట్లా చెప్పానో, అసలు చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. సాయంత్రం బస్సు ఎక్కాను.

చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలు రాయాలంటారు. సార్ గురించి మంచి మాటలకు కరువు లేదు. కానీ ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర పన్నెండేళ్లుగా ఉండిపోయింది. అది చెప్పకుండా ఆయన మంచితనం గురించి ఎంత రాసినా అది సగమే అవుతుంది. సగం చెప్పి వదిలేయడం ఎంత చెడ్డదో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

సార్‌ది మంత్రాలయం పక్క పల్లె. తండ్రి గుడిలో తీర్థం ఇచ్చే మనిషి. ఈయన మాత్రం సైన్సు చదివి ఎమ్మిగనూరు హైస్కూలుకు వచ్చాడు. తెల్ల పంచె, మోచేతి దాకా మడిచిన చొక్కా, జేబులో మడిచే చాకు. పొద్దు గూకాక ఆకు తెంపకూడదని వాళ్ల ఇంటి ఆచారం. అందుకని మరునాటి పాఠానికి కావలసిన ఆకులు ఎండ ఉండగానే తెంపుకునేవాడు. తెంపేముందు చెట్టును ఒకసారి తాకేవాడు, అడిగి తీసుకున్నట్టు. పిల్లలం వెనక నవ్వేవాళ్లం. ఆయనకు తెలుసు మేము నవ్వుతామని. "నవ్వండి. మీ అన్నం వండేది అదే" అనేవాడు.

బడిలో ఒకే ఒక్క సూక్ష్మదర్శిని ఉండేది, దాని అద్దానికి ఒక మూల పగులు. కిటికీ గట్టు మీద పెట్టి, వెలుతురు పట్టి, ఆకును పలచగా కోసి ఒక్కొక్కరికే చూపించేవాడు. పైన మైనం రాసినట్టు ఒక పొర. దాని కింద పక్కపక్కన నిలబడ్డ పచ్చటి కణాలు. వాటి కింద సందులు సందులుగా గాలి తిరిగే చోటు. మధ్యలో ఈనె, నీళ్లు తెచ్చేదీ అదే, తయారైన అన్నం మోసుకుపోయేదీ అదే. "ఆకు ఎందుకు పలచగా ఉంటాది? ఎండ అడుగుదాకా దిగాల. గాలి లోపలిదాకా పోవాల. మందంగా ఉంటే మధ్యలో ఉండే కణం పస్తే." ఇట్లా చెప్పేవాడు. పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ అని ఉంటే మాకు నోరు తిరిగేది కాదు. ఆయన నోట అది ఒక ఇంట్లో వంట సంగతిలా ఉండేది.

ఆయన మాకు నేర్పిన మొదటి అలవాటు, ఏ ఆకు ఇచ్చినా తిప్పి అడుగు పక్క చూడటం. తిప్పకుండా జవాబు చెప్పినవాడిని కూర్చోమనేవాడు. జొన్న ఆకు ఎండకు గొట్టంలా చుట్టుకుంటే మీ నాయన ఏమంటాడని ఒకసారి నన్ను అడిగాడు. వాన రావాల అంటాడు సార్ అన్నాను. "ఆకు కూడా అదే అంటాంది. ఉన్న నీళ్లు పోకుండా ముడుచుకుంటాంది" అన్నాడు. మా నాయన, జొన్న ఆకు ఒకే మాట అనడం నాకు ఎంత గొప్పగా తోచిందో.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఆ ఏడు వాన రాలేదు. మా ఊరు ఆదోని దారిలో ఎమ్మిగనూరుకు మూడు మైళ్లు. అక్క పదో తరగతి, నేను తొమ్మిది, ఇద్దరం నడిచే వచ్చేవాళ్లం. వేసిన వేరుశెనగ మొలకలోనే మాడిపోయింది. మిగిలిందల్లా బావి పక్కన నాయన పోసిన మిరప నారు, నాలుగు మళ్లు. బావిలో బురద తప్ప నీళ్లు లేవు. ఊరబావి నుంచి అమ్మ, అక్క, నేను కడవలతో మోసి చల్లేవాళ్లం. ఊరబావి కూడా అడుగంటింది. పొద్దున చల్లితే మధ్యాహ్నానికి నారు తలలు వాల్చేది. ఇంకొక పది దినాలు నారు బతికుంటే, ఈలోగా ఒక్క వాన పడితే, నాటుకుని ఏడాది గట్టెక్కుతాం. లేదంటే ఊరు విడిచి కూలికి పోవాలి. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ తెలుసు.

ఆ వారంలోనే సార్ కిటికీ చువ్వలకు దారం కట్టి నాలుగు మందారాకులు వేలాడదీశాడు. ఒకదానికి ఏమీ పూయలేదు. ఒకదానికి పైన, ఒకదానికి అడుగున, ఒకదానికి రెండు పక్కలా వాసెలిన్ పూశాడు. శనివారం నాటికి పూయని ఆకు అప్పడంలా ఎండింది. పైన మాత్రమే పూసింది కూడా ముడుచుకుపోయింది. అడుగున పూసిందీ, రెండు పక్కలా పూసిందీ ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆకుకు నోళ్లు ఎక్కువగా అడుగు పక్కన ఉంటాయని, వాటిని పత్రరంధ్రాలంటారని, ఆకు తాగిన నీళ్లు ఆవిరై పోయేది ఆ నోళ్ల నుంచేనని చెప్పాడు. మూసేస్తే నీళ్లు పోవు.

గంట కొట్టారు. పిల్లలు లేచారు. సార్ పుస్తకాలు సర్దుకుంటూ, ముందు బెంచీలో ఉన్న మాకు వినిపించేటట్టు అన్నాడు. "పాఠం సగమే అయింది. మిగతాది సోమవారం. సగం పాఠాన్ని ఇంటికి తీసుకపోవద్దు, ఈడనే పెట్టిపోండి."

నవ్వుతూనే అన్నాడు. నేను విన్నాను.

విని కూడా ఇంటికి తీసుకుపోయాను. నాయన ఆ సాయంత్రం నారుమడి గట్టు మీద మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ మనిషిని అట్లా చూడలేకపోయాననేది నిజం. ఇంటిని కాపాడేది నేనే అవుతానని నాలో ఒక ఉబలాటం లేచిందనేదీ నిజం. ఆకు నీళ్లు అడుగు నుంచే పోతాయని, నూనె లాంటిది పూస్తే పోవని, బళ్లో కళ్లారా చూశానని చెప్పాను. నాయన తల ఎత్తి నన్ను చూశాడు.

"సారు సెప్పినాడా?"

"సారే సెప్పినాడు నాయనా."

వాసెలిన్ మాకెక్కడిది, ఆముదం ఉంది. ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. నలుగురం మళ్లలో గొంతుక్కూర్చుని, వేలు ఆముదంలో ముంచి, ఒక్కొక్క మొక్క, ఒక్కొక్క ఆకు తిప్పి అడుగున పూశాం. పైన పూయొద్దని, నోళ్లు కిందనే ఉంటాయని అమ్మకు నేను నేర్పాను. పిట్ట కొంచెం కూత ఘనం. అక్క నడుము పట్టుకుపోయి లేవలేకపోతే నేను నవ్వాను. సోమవారం కూడా బడి మానేసి పూశాం. ఆ సాయంత్రం నారు వాలకుండా నిలబడింది. నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతికి ఆముదం వాసన. ఇప్పటికీ తలకు ఆముదం పెట్టుకోను నేను.

మంగళవారం బడికి పోయి, పక్కన కూర్చునే పిల్ల నోటుబుక్కులో సోమవారం పాఠం చదివాను. ఆ నోళ్ల నుంచి నీళ్లు బయటికి పోవడమే కాదు, గాలి లోపలికి వచ్చేదీ వాటి నుంచే. ఆ గాలితో, నీళ్లతో, ఎండతోనే ఆకు అన్నం వండుకుంటుంది. నోళ్లు మూస్తే నీళ్లు మిగులుతాయి గాని అన్నం ఉండదు. పైగా చెమట పోయక ఆకు ఎండకు ఉడికిపోతుంది. చివర సార్ చెప్పిన మాటను ఆ పిల్ల పెద్దక్షరాలతో రాసుకుంది: నోరు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి, ఈ రెంటి నడుమే ఆకు బతుకు.

బడి వదలగానే ఇంటికి పరుగెత్తాను.

ఇంటికి పోయేసరికి ఆకుల అంచులు పసుపుపచ్చగా తిరిగాయి. బుధవారానికి గోధుమరంగు మచ్చలు. గురువారం క్లాసులో ఏడ్చేశాను. ఏమైందని సార్ దగ్గరికి వచ్చి అడిగితే జరిగిందంతా చెప్పాను, ఒక్కటి తప్ప. చివరికి ఇట్లా అన్నాను: "మీరు చెప్పినట్టే చేసినాము సార్."

ఆయన ముఖంలో రక్తం లేదు. ఆ సాయంత్రం సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకుని మా ఊరు వచ్చాడు. అక్క ఎప్పటిలాగే నడిచి వచ్చింది. సార్ నారుమడిలోకి దిగి, ఒక ఆకు తిప్పి చూసి, అమ్మను కుంకుళ్లు ఉన్నాయా అని అడిగాడు. కుంకుడు నీళ్లు చేయించి, పంచె కొస చింపి, తడిపి, ఆకుల అడుగు పక్క తుడవడం మొదలుపెట్టాడు. గుడి తీర్థం ఇచ్చే ఇంటి మనిషి మా బురదలో మోకాళ్ల మీద ఉండటం చూసి ఊళ్లో వాళ్లు గట్టు మీద గుంపు కట్టారు. నాయన వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు ఉండాది సార్. లేయండి."

సార్ లేవలేదు. "తప్పు నాది అన్నా. పిల్లకు సగం చెప్పి పంపినా" అన్నాడు.

నేను అక్కడే, వాళ్లిద్దరికీ మధ్య నిలబడి ఉన్నాను. చెప్పేదేదో అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరవలేదు. నాయన ఆకాశం వైపు చూసి, ఎట్లయినా పోయేదే సార్, నీళ్లు లేక పోయేది నూనెతో పోయింది అన్నాడు. నాయన మాటే నిజమని చాలా ఏళ్లు నన్ను నేను సముదాయించుకునేదాన్ని. కానీ నూనె పూసిన ఎనిమిదో రోజున వాన పడింది. పక్క చేలో, మా కంటే తక్కువ నీళ్లు చల్లిన మళ్లలో నారు సగం తల ఎత్తింది. మా నాలుగు మళ్లలో బతికినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సార్ వాటిలో రెండు అడిగి తీసుకుపోయాడు.

ఎడ్లను అమ్మేసి, తుంగభద్ర కాలవ కింద కూలికి సిరుగుప్ప పక్క పోవాలని నాయన నిర్ణయించాడు. ఆ సంగతి తెలిసి సార్ మళ్లీ వచ్చాడు. సార్ వాళ్లది ఒకటే గది ఇల్లు. పిల్లలు లేరు. ఒకరిని ఉంచుకోగలను, చదువు ఆగిపోకూడదన్నాడు. ఎవరిని అనేది నాయనకే వదిలేశాడు. పదో తరగతిలో ఉన్నది అక్క, నాకంటే బాగా చదివేదీ అక్కే. నాయన మా ఇద్దరినీ చూసి, "సిన్నదాన్ని పెట్టుకోండి సార్. పెద్దది పనికి అందుకొస్తాది" అన్నాడు. అక్క లోపలికి పోయి తన జామెట్రీ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. అక్క మళ్లీ బడికి రాలేదు. ఇప్పుడు ఆదోనిలోనే జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతుంది.

నా తప్పుకు కూలి అక్క చేసింది, అన్నం నేను తిన్నాను. అది కూడా సార్ ఇంట్లో.

మొదటి వారం నాకు అన్నం వసారాలో పెట్టారు. సార్ భార్యను నేను అమ్మ అనే పిలిచేదాన్ని. ఆచారం గల మనిషి, మంచి మనిషి కూడా, ఆ రెండూ ఆమెలో కొట్లాడుకుంటుండేవి. ఎనిమిదో రోజున సార్ తన విస్తరి తెచ్చి వసారాలో నా పక్కన వేసుకున్నాడు. మరునాడు అమ్మే, "ఇద్దరూ లోపలికి రాండి, ఈడ దుమ్ము" అని పిలిచింది. అంతటితో ఆ సంగతి అయిపోయింది. దాని గురించి ఎవరూ ఉపన్యాసాలు ఇచ్చుకోలేదు.

మా మడి నుంచి తెచ్చిన రెండు మొక్కలను సార్ పగిలిన కడవలో వాకిలి పక్కన నాటాడు. ఒకటి చచ్చింది. ఒకటి కాసింది. దాని గింజలు దాచి మరుసటి ఏడు, మళ్లీ ఆ మరుసటి ఏడు అదే కడవలో పోసేవాడు. రోడ్డు పక్క ఇల్లు, లారీల దుమ్ము ఆకుల మీద పేరుకునేది. రోజూ పొద్దున స్నానం కాగానే తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేవాడు, ముందు పైన, తర్వాత అడుగున. నేను తుడుస్తానంటే ఇచ్చేవాడు కాదు. ఇది నా పని అనేవాడు. ఆ తడిగుడ్డ చూసినప్పుడల్లా ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

ఆ తర్వాత ఏ ఏడూ ఆయన ఆకు పాఠాన్ని రెండు రోజులు చేయలేదు. నీళ్లు పోయే సంగతి, అన్నం వండే సంగతి ఒకే రోజు, ఒకే ఊపున చెప్పేవాడు. గంట కొట్టినా తలుపుకు అడ్డం నిలబడి పూర్తి చేసేవాడట. హెడ్మాస్టరు చేత మాటలు పడ్డాడు కూడా. జనం ఆయనకు ఛాదస్తం పట్టిందనుకున్నారు.

నేను చదువుకుని, అదే సైన్సు టీచరునై, ఆదోనిలో చేరాను. నెలకోసారి సార్‌ను చూడటానికి పోయేదాన్ని. బస్సు ఎక్కిన ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకునేదాన్ని. వాకిట్లో అడుగు పెట్టగానే "ఎండన పడి వచ్చినావు, ముందు నీళ్లు తాగు పాపా" అనేవాడు. నీళ్లతో పాటు ఆ మాటా లోపలికి పోయేది. చెబితే ఇక ఇంటికి రావద్దంటాడని కాదు భయం. క్షమిస్తాడు. ఆ క్షమించే ముఖం చూసే ధైర్యం నాకు లేదు.

ఆయనకు ఉబ్బసం ముదిరింది. మూడు వారాల కిందట చివరిసారి చూసినప్పుడు మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ప్రతి పీల్పుకూ భుజాలు లేస్తున్నాయి. మాట్లాడొద్దని అమ్మ అంటున్నా వినకుండా నన్ను దగ్గరికి పిలిచాడు.

"పాపా, ఆ శనివారం... గంట కొట్టినాక నేనేమన్నా అన్నానా? మిగతాది సోమవారం అని గాని... జాగ్రత్తగా ఉండమని గాని... అన్నట్టే ఉంటాది. మళ్లీ అనలేదేమో అనిపిస్తాది."

పన్నెండేళ్ల తర్వాత, నేను చెప్పవలసిన మాటకు తనంతట తనే తలుపు తీసి పెట్టాడు. నేను దాటితే చాలు.

"గుర్తు లేదు సార్" అన్నాను.

ఆయన తల ఊపాడు. "నాకూ అంతే" అని కళ్లు మూసుకున్నాడు. నేను ఆదోని బస్సు ఎక్కాను. వచ్చే నెల చెప్పవచ్చులే అనుకున్నాను.

కండక్టరు కబురు చెప్పిన సాయంత్రం నేను పోయేసరికి ఇంటి ముందు ఎవరూ లేరు. అమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నాకు ఒకప్పుడు విస్తరి వేసిన చోటనే. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. పోయేముందు రోజు కూడా అదే అడిగినాడమ్మా అంది. "నేను చెప్పినానా లేదా అంటాడు. చెప్పింటే ఆ పిల్ల అక్క కూడా చదువుకునేది అంటాడు. యాడ తెలుస్తాది నాకు?"

అప్పుడు చెప్పాను. మొదటిసారి, మొత్తం, ఆయన అన్న మాటలు అన్నట్టుగా. సగం పాఠాన్ని ఇంటికి తీసుకపోవద్దన్నాడని, నేను విన్నానని, మీరు చెప్పినట్టే చేశామని అబద్ధం ఆడానని, మూడు వారాల కిందట మళ్లీ ఆడానని. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. పన్నెండేళ్లు మోసిన మాట చెప్పడానికి అంత తక్కువసేపు పట్టడం నాకే సిగ్గనిపించింది.

అమ్మ నన్ను తిట్టలేదు. వాకిలి వైపు చూసింది.

"ఆయన పోకముందు చెప్పింటే చాలు కదమ్మా" అంది. "ఒక్కదినం ముందు."

లేచి లోపలికి పోయి, తీగ మీద ఆరేసిన గుడ్డ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. సార్ పంచెలోంచి చింపిన ముక్క, అంచులు పోగులు లేచిపోయి ఉంది.

కడవలో మిరప మొక్క, ఆయన మంచం పట్టినప్పటి నుంచి ఎవరూ చూసినట్టు లేదు. మట్టి బీటలు వారింది. ఆకులు దుమ్ము కొట్టుకుని, కాడల నుంచి వేలాడుతున్నాయి. రెండు చెంబుల నీళ్లు పోశాను. గుడ్డ తడుపుకుని వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క ఆకూ అరచేతిలో పెట్టుకుని, ముందు పైన, తర్వాత తిప్పి అడుగున తుడిచాను. వసారాలోంచి అమ్మ చూస్తూనే ఉంది. నీళ్లు పోసినాక లేస్తాదా అని అడిగింది. ఎంతసేపు వాడిందో దాన్ని బట్టి ఉంటుందమ్మా అన్నాను. అది సైన్సు టీచరు చెప్పే జవాబు.

ఆదోని ఆఖరి బస్సు హారన్ వినిపించేదాకా అక్కడే కూర్చున్నాను. గుడ్డ నల్లబడింది. మట్టి నీళ్లన్నీ తాగేసింది. ఆకులు రెండు పక్కలా పచ్చగా, శుభ్రంగా ఉన్నాయి, ఒక్కటీ తల ఎత్తలేదు.